ఊరి ఠాణా – ఊరి బాధ్యత

ఏటేట అక్టోబరు 21వ తేదీ యుదయమున జిల్లా కేంద్రములందలి పోలీసు మైదానములలో కవాతు జరుగును. ఆ యేడు విధినిర్వహణమున ప్రాణములు గోల్పోయినవారి పేరులు చదువబడును. స్తూపముకడ పూలమాలలు పేర్చబడును. 1959వ సంవత్సరమున ఆ దినముననే లడఖ్ ప్రాంతమందలి హాట్ స్ప్రింగ్స్ అను చోట చీనా సైనికుల తుపాకులకు కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు పదిమంది బలియైరి. వారి స్మృతికై యేర్పడిన యీ దినము క్రమముగ దేశమందలి పోలీసు వీరులందఱికిని స్మృతిదినమైనది. 2018లో ఢిల్లీ నగరమున జాతీయ స్మారకమును వెలసినది. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని సాయంకాలమునకు మైదానము బోసిపోవును. మఱునాడు కానిస్టేబు ఎప్పటివలెనే బస్సుల నిలయముకడ కూడలిలో నెండకు నిలుచును. ఊరును ఎప్పటివలెనే వానిని తిట్టుకొనుచు ప్రక్కనుండి పోవును. గతించిన రక్షకభటునకు చేతులు జోడించు మనము బ్రదికియున్న రక్షకభటునకు ఏమి చేయుచున్నాము? ఈ ప్రశ్నమును నేడు చిన్న పట్టణముల పెద్దలయెదుట నుంచుచున్నాము.

మొదట నొక మాట నిష్కపటముగ జెప్పవలెను. పోలీసులయెడ మనవారికి గల యవిశ్వాసము నిష్కారణమైనది కాదు. నిన్న మొన్న పుట్టినదియు గాదు. చెన్నపురి రాజధానిలో శిస్తు రాబట్టుటకును, నేరము నొప్పించుటకును జరుగుచుండిన చిత్రహింసలనుగూర్చి 1855లో ఒక విచారణ సంఘము నివేదిక సమర్పించెను. పన్ను వసూలుచేయు చేతులును, దొంగను బట్టు చేతులును నాడొక్కటియే యగుటచే రైతు వీపు రెండు విధముల దెబ్బలకు గుఱియయ్యెను. ఆ నివేదికకు ఫలముగ 1859లో మన రాజధానికి ప్రత్యేకమైన పోలీసు చట్టము వచ్చెను. 1857వ సంవత్సరపు విప్లవము పాలకుల గుండెలలో రేపిన భయము చల్లాఱకమునుపే 1861లో దేశమునకు మఱియొక చట్టము వచ్చెను. 1829లో తమ లండను నగరమునకు పోలీసును సమకూర్చుకొన్నపుడు తుపాకి లేని పౌరరక్షకుని మాదిరిని ఎంచుకొన్న యాంగ్లేయులే, మనకు మాత్రము ఐర్లండు నణచియుంచుటకు గల్పించుకొన్న సాయుధదళపు మాదిరిని తెచ్చిపెట్టిరి. మొదటిది పౌరునకు సేవ చేయుటకు పుట్టినది. రెండవది పాలకునకు కాపలా కాయుటకు పుట్టినది. ఈ భేదమే మన కథకంతకును మూలము.

1902–03 సంవత్సరములలో ఆ ప్రభుత్వమే నియమించిన పోలీసు కమీషను, ఈ శాఖ సమర్థమైనది కాదనియు, శిక్షణ చాలనిదనియు, జనులు దీనిని లంచగొండిగను పీడకముగను భావించుచున్నారనియు నొప్పుకొనవలసివచ్చెను. 1922 ఆగస్టు మాసమున అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనే ముందుగ ముట్టడించుట కాకతాళీయము గాదు. మన్యమున పరప్రభుత్వమనగా ఠాణాయే. 1930లో ఉప్పు వండిన సత్యాగ్రహుల తలలపై బడిన లాఠీలు కూడ మనవారి చేతులలోనివే. తండ్రులు చూచినది బిడ్డలకు జెప్పిరి. బిడ్డలు దానిని మఱవలేదు.

అయినను ఒక్క సంగతి మాఱినది. దానిని మనము సరిగా గమనింపలేదు. నేటి కానిస్టేబు ఎవరు? తెల్లవారుజామున జూనియరు కళాశాల మైదానములో గుండ్రముగ పరుగెత్తుచు నియామక ప్రకటనకై రెండేండ్లు మూడేండ్లు ఎదురుచూచిన కుఱ్ఱవాడే. పట్టము పుచ్చుకొనియు వేఱు కొలువు దొరకక యీ పరీక్షకు గూర్చున్నవాడు. కౌలురైతు కొడుకు, నేతగాని కొడుకు, కూలివాని కూతురు. అతడు పరదేశపు సిపాయి కాడు. మన పొరుగింటివాడు. వానికి దొడిగిన చొక్కా పాతది, కట్టబెట్టిన పద్ధతి పాతది, వానిని జూచు మన చూపును పాతదే. ఈ మూటిలో మొదటి రెంటిని ప్రభుత్వము మార్చవలెను. మూడవదానిని మార్చుకొనవలసినది మనము.

నగరములందు కమీషనరులు, ప్రత్యేక దళములు, ట్రాఫికు శాఖ, నేరశోధన శాఖ వేఱువేఱుగ గలవు. చిన్న పట్టణపు ఠాణాయందు ఇవన్నియు ఒక్క గూటిలోనివే. ఒక సబిన్‌స్పెక్టరు, ఒకరిద్దఱు హెడ్డు కానిస్టేబులు, కొందఱు జవానులు. వారికి పట్టణమును చుట్టుప్రక్కల పల్లెలును అప్పగింతలు. రాజమార్గముపై లారీ బోల్తాపడినను వారే. చెఱువులో శవము తేలినను వారే. గట్టు తగవునకు, ఆలుమగల కలహమునకు, తప్పిపోయిన బిడ్డకు, తిరునాళ్ల బందోబస్తునకు, మంత్రివర్యుల పర్యటనకు, ఎన్నికలకు, న్యాయస్థానమునకు కాగితములు మోయుటకు, ఆసుపత్రిలో శవపంచాయతికి కావలి యుండుటకు వారే. పగలు సభకు కాపలా కాచినవాడు రాత్రి గస్తీకి బోవలెను. గస్తీ తిరిగినవాడు ఉదయమున ముద్దాయితో కోర్టుకు బోవలెను. దొంగతనమును శోధించుట యెప్పుడు? దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొరిగినవని మనము నవ్వుదుము. కాని కావలివానిని ఊరంతటను త్రిప్పి, నిద్రలేకుండ జేసి, మొరుగలేదని నిందించుట న్యాయమా?

ఇది మా యూహ మాత్రమే కాదు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కళాశాలవారు దేశమందలి ఠాణాలను పరిశీలించి 2014లో వెలువరించిన నివేదికనుబట్టి ఠాణా సిబ్బందిలో నూటికి దాదాపు తొంబదిమంది దినమునకు ఎనిమిది గంటలకు మించి పనిచేయుచుండిరి. నెలకొక్క వారపు సెలవైనను దొరకనివారు నూటికి డెబ్బదిమందికి పైగా నుండిరి. 2019లో కామన్ కాజ్ సంస్థయు లోకనీతి పరిశోధకులును కలసి వెలువరించిన మఱియొక నివేదిక, సగటు పోలీసు దినమునకు పదునాలుగు గంటలు పనిచేయుచున్నాడని లెక్కగట్టెను. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పోలీసులకు వారమునకొకనాడు సెలవు ప్రకటించినది. ప్రకటనము ప్రశంసనీయమే. అయితే మనుష్యులను పెంచక సెలవును పెంచుట, పాలు పెంచక బిడ్డలకు గిన్నెలు పంచుటవంటిది. ఎనిమిది గంటల పనికి చాలినంత సిబ్బందిని నియమించువఱకు ఏ సెలవును నిలువజాలదు.

పదునాలుగు గంటలు నిలబడిన మనుష్యుడు పదునైదవ గంటలో ఫిర్యాదుతో వచ్చిన ముసలమ్మకు మంచిమాట చెప్పుట కష్టము. వాని కోపము తప్పే. వాని లాఠీ మఱింత తప్పు. అలసటను మేము నేరమునకు సమాధానముగ జెప్పుట లేదు. కాని కోపమునకు మూలము తెలియక దానిని మాన్పలేము. తన యింట బిడ్డ జ్వరముతో నుండగా పొరుగూరి జాతరలో మూడుదినములు తాటాకు పందిరిక్రింద పడుకొన్న తండ్రి మనస్సేమో ఒక్కపరి యోచింపుడు.

మన పూర్వులకు గ్రామరక్షణము ప్రభుత్వపు పని మాత్రమే యని తోపలేదు. నాగార్జునకొండ శాసనములలో కానవచ్చు తలవర శబ్దమునుండియే మన తలారి పుట్టెనని పండితులు చెప్పుదురు. కౌటిల్యుడు ఊళ్లనడుమ సొత్తు పోయినచో అచ్చటి యధికారియే బాధ్యుడనెను. దొంగసొత్తును రాబట్టలేని రాజు తన బొక్కసమునుండి దాని నిచ్చుకొనవలెననియు విధించెను. 1816లో మన్రో కాలపు సంస్కరణములందును గ్రామ పోలీసు పని మునసబునకును తలారులకును అప్పగింపబడెను. ఆ యేర్పాటులో దోషములు లేకపోలేదు. పుట్టుకచే వచ్చిన యధికారము పలుచోట్ల పీడయైనది. 1984లో ఆంధ్రప్రదేశమున మునసబు కరణముల యుద్యోగములు రద్దగుటను మేము తప్పుపట్టము. కాని వంశపారంపర్యముతోపాటు ఊరి బాధ్యతయు రద్దయినదని మనము భావించుకొంటిమి. తలుపునకు గడియ వేయుటతప్ప తక్కినదంతయు ఠాణావారి పనియే యని నిశ్చింతులమైతిమి.

అయినచో పోలీసునకు ఊరు అండగా నుండుట యెట్లు? ఇచ్చటనే మేము సూటిగా మాటలాడవలసియున్నది. మనయందు సహాయమను పేర నేడు జరుగుచున్నదేమి? ఒక ధాన్యపుమిల్లు యజమాని ఠాణాకు శీతలయంత్రము బహూకరించును. ఒక గుత్తేదారు జీపునకు చక్రములు వేయించును. ఒక భూస్వామి వనభోజనమున కధికారులను బిలుచును. ఛాయాచిత్రములు పత్రికలకు వచ్చును. వీరందఱు దురుద్దేశముతోనే చేయుచున్నారని మే మనము. కాని ఉప్పు తిన్న విశ్వాసమని మనదేశమున నొక మాట కలదు. ఆ చల్లని గాలిలో గూర్చున్న సబిన్‌స్పెక్టరుకడకు ఆ మిల్లులోని హమాలీ కూలిడబ్బు ఎగవేసినారని ఫిర్యాదు తెచ్చినచో అతని కలము వేగముగ నడచునా? నడచినను, నడచునని ఆ హమాలీ నమ్మునా? న్యాయము జరుగుటయే చాలదు. న్యాయము జరుగునని బీదవానికి నమ్మకము కలుగవలెను. ఒక్కని దానము ఆ నమ్మకమును కొనివేయుచున్నది.

ఈ మాట మా చదువరులలో కొందఱకు రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. రెండును పాడిపంటలతో తులతూగు తీరభూములలోని యూళ్లే. దళితుల నెత్తురు పాఱిన యా యూళ్ల పేరులు విన్నప్పుడెల్ల, ఠాణా ఎవరికి అండ యను ప్రశ్నము మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను మరల లేచుచున్నది. భూమిగలవారు మాత్రమే పోలీసులకు మిత్రులైనచో అది ఊరి సహాయము గాదు, ఒక పక్షపు బలగము. కావున శాంతిసంఘములు, మైత్రీసంఘములు ఏర్పడునపుడు వానియందు పేటపేటనుండి మనుష్యు లుండవలెను. స్త్రీలుండవలెను. కూలివారుండవలెను. లేనిచో ఆ సంఘములు పైరవీకారుల కూటములై ఠాణా గుమ్మముకడ దళారుల నిలయములగును. కంచెయే చేను మేయుట యొక కీడు. కంచెను కొందఱు తమ చేనికే నాటుకొనుట మఱియొక కీడు.

నిజమైన సహాయములలో మొదటిది సత్యము చెప్పుట. దీనికి కాసు ఖర్చు లేదు. కాని మనయందు ఇదియే అతి దుర్లభము. సోదా జరుగునపుడు ఆ ప్రాంతపు గౌరవనీయులైన ఇద్దఱు సాక్షులుగ నుండవలెనని చట్టము చెప్పుచున్నది. వీథిలో పదిమంది గౌరవనీయులుందురు. పోలీసులు వచ్చిరనగానే పదిమందియు తలుపులు మూసికొందురు. అపుడు ఠాణావారు తమకు అలవాటైన కాఫీహోటలు పనివానినో రిక్షావానినో తెచ్చి పంచనామాపై చేవ్రాలు చేయింతురు. న్యాయస్థానమున వాడు నిలువలేడు, కేసును నిలువదు. ముద్దాయి విడుదలయైనపుడు పోలీసులు అమ్ముడుపోయిరని మొట్టమొదట పలుకువారము మనమే. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నాగరిక సురక్షా సంహితలో సోదాను చిత్రముగను శబ్దముగను యంత్రముచే గ్రహింపవలెనను నియమము వచ్చినది. 2018లో సుప్రీముకోర్టు సాక్షుల రక్షణకై యొక పథకమును ఆమోదించినది. యంత్రము చూచినది చెప్పును. కాని చూచినది చెప్పు మనుష్యునకు బదులు కానేరదు.

రెండవది దారిలో పడినవానిని లేవనెత్తుట. మన పట్టణములనడుమనుండి పోవు రాజమార్గములపై ప్రమాదము జరుగని వారము లేదు. చుట్టును జనము గుమిగూడును. చేయివేయువాడుండడు. కేసులో ఇఱికింతురని భయము. ఈ భయమునకు ఒకప్పుడు కారణముండెను. కాని 2016లో సుప్రీముకోర్టు ఉత్తరువును, 2019లో మోటారు వాహనముల చట్టమునకు వచ్చిన సవరణమును దానిని తొలగించినవి. గాయపడినవానిని సద్భావముతో ఆసుపత్రికి జేర్చినవాని పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. వానిపై సివిలు దావాయు క్రిమినలు కేసును నడువరాదు. ఈ సంగతిని ప్రతి పెట్రోలు బంకుకడను, ప్రతి కాఫీహోటలుకడను తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయింపుడు. ఒక జవాను వచ్చులోపల పోవు ప్రాణమును పదిమంది యువకులు నిలుపగలరు.

మూడవది పురపాలక సంఘము తన పని తాను చేయుట. వెలుగని వీథిదీపముక్రింద దొంగ దాగును. దుకాణము మెట్లు రోడ్డుపైకి వచ్చినచోట బండ్లు చిక్కుకొనును. ఆ దీపము వెలిగించుట, ఆ మెట్లు తొలగించుట మనచేతిలోనివి. జాతరలకు, శివరాత్రికి, పుష్కరములకు కళాశాల విద్యార్థులను శిక్షితులైన స్వచ్ఛందసేవకులుగ నిలిపినచో జవానులకు కొంత యూపిరి దొరకును. 2015 జూలై 14వ తేదీన గోదావరి పుష్కరముల మొదటినాడు రాజమహేంద్రవరపు రేవులో త్రొక్కిసలాటచే ఇరువదియేడుగురు మరణించిరి. జనసమూహమును నడుపుట యెంత కఠినమైన విద్యయో ఆ దినము మనకు నేర్పినది. ఇవిగాక స్త్రీ కానిస్టేబులకు ఠాణాలో విశ్రాంతిగదియు, శుభ్రమైన మఱుగుదొడ్డియు గలవో లేవో మీ పట్టణమున విచారింపుడు. బదిలీయై నడిసంవత్సరమున వచ్చిన జవాను బిడ్డను చేర్చుకొన నిరాకరించు పాఠశాలలుండిన వానికి నచ్చజెప్పుడు. పోలీసు వాడనగానే అద్దెకు ఇల్లియ్యని యజమానులు మనలోనే కలరు. ధనసహాయము చేయదలచినవారు దానిని పురపాలక సభలో తీర్మానించి, జిల్లా పోలీసు అధికారికి వ్రాతమూలముగ నప్పగించి, లెక్కను గోడపై నంటింపవలెను. ఊరందఱి చందాలో ఎవరి ఋణమును ఠాణాపై నుండదు.

నాలుగవది సిఫారసు మానుట. ఇది యన్నిటికంటె కష్టమైనది. తన బంధువుపై కేసు వ్రాసిన సబిన్‌స్పెక్టరును బదిలీ చేయింపవలెనని శాసనసభ్యునింటికి పరుగెత్తని పెద్దమనుష్యుడు ప్రతి పట్టణమున నెందఱు గలరో మా చదువరులే లెక్కించుకొందురుగాక. 2006 సెప్టెంబరు 22వ తేదీన ప్రకాశసింగు వ్యాజ్యములో సుప్రీముకోర్టు, ఠాణాధికారికి కనీసము రెండేండ్ల కాలపరిమితి యుండవలెననియు, బదిలీలను పోలీసు శాఖలోని మండలియే నిర్ణయింపవలెననియు ఆజ్ఞాపించెను. రెండేండ్లుండినగాని అధికారికి ఊరు తెలియదు, ఊరికి అధికారి తెలియడు. ఆ యాజ్ఞ కాగితముపై నుండిపోవుటకు మంత్రులను నిందించుట సులభము. కాని మంత్రికి లేఖ వ్రాయించుచున్నది మన చేతులే. నిజాయితీగల అధికారిని దుర్మార్గుడు బదిలీ చేయించుచున్నపుడు నోరెత్తి, పదిమంది సంతకములతో అర్జీ పెట్టుటకంటె మించిన పోలీసు సహాయము వేఱొకటి యున్నదా?

ఇంత చేయు ఊరికి కొన్ని కోరు హక్కును కలదు. నేరము తెలుపు ఫిర్యాదు వచ్చినచో దానిని నమోదు చేయవలెనని 2013లో సుప్రీముకోర్టు తేల్చినది. పట్టుబడినవాని బంధువులకు వార్త తెలుపుట మొదలగు నియమములను 1996లోనే విధించినది. ప్రతి ఠాణాలోను దృశ్యయంత్రము లమర్పవలెనని 2020 డిసెంబరులో ఆజ్ఞాపించినది. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు జిల్లా జిల్లాకు ప్రత్యేక మండలి యుండవలెననుట ప్రకాశసింగు తీర్పులోని మాటయే. సహాయము చేయువాడు ప్రశ్నింపరాదనుట పొరపాటు. ప్రశ్నించువాడు శత్రువనుట మఱింత పొరపాటు. బిడ్డకు అన్నము పెట్టు తల్లియే తప్పు చేసినపుడు చెవి పట్టుకొనును. లాకప్పులో ఒక్కడు మరణించినచో ఊరు మౌనముగ నుండుట పోలీసులకు మేలు గాదు. నూఱుమంది మంచివారి కష్టమును ఆ యొక్క రాత్రి మాయము చేయును.

1861వ సంవత్సరపు చట్టము పాలకునకు కాపలాదారుని సృష్టించినది. అతనిని ఊరి రక్షకునిగ మార్చుట శాసనసభలవలననే కాదు. ప్రతి చిన్న పట్టణమును తన ఠాణాను తన పాఠశాలవలె, తన చెఱువువలె, తన యాసుపత్రివలె తనదని భావించినపుడే అది జరుగును. తనదనుకొన్న వస్తువునకు మనము కావలి కాయుదుము. పాడైనచో బాగుచేయుదుము. ఒక్కనికి అమ్ముడుపోనీయము. రాబోవు అక్టోబరు 21వ తేదీని పూలమాలతోపాటు ప్రతి పురపాలక సంఘమును ఒక చిన్న తీర్మానమును చేయునుగాక. మా యూరి ఠాణాలో సిబ్బంది యెందఱుండవలెను, ఎందఱున్నారు, వారికి సెలవు దొరకుచున్నదా, మా ఫిర్యాదులు నమోదగుచున్నవా యని యేటేట విచారించి, ఆ లెక్కను ప్రజలకును ప్రభుత్వమునకును తెలియజేయుదుమని. చనిపోయినవారికి అదియే తగిన నివాళి. బ్రదికియున్నవారికి అదియే తగిన యండ.